గుమ్మంలో ఐదుగురు

బహుళ తదియ

యంత్రం కాపలా మనిషి పని ముగిశాక దాని ముందు కూర్చుని ఆ రోజు సంగతులు చెప్పాలని నియమం. వినేవాళ్ళు ఎవరో తెలియదు, అసలు ఉన్నారో లేదో కూడా తెలియదు. అయినా చెబుతున్నాను. నా పేరు నాంచారి. మాది తూర్పు తెప్ప. సముద్రపు నీళ్ళను తాగేనీళ్ళు చేసే ఉప్పుతీత యంత్రం బాగానే నడుస్తోంది. పొద్దున ఫిల్టరు చూశాను, ఇంటింటికీ వంతు నీళ్ళు పోశాను. వరహాలు పెళ్ళాంతో ఎప్పటిలాగే గొడవయింది. వాళ్ళ బిందె సొట్ట పోయిందట, ఆ సొట్టకి ఇంకో చెంబు ఎక్కువ పోయాలట.

అది రోజూ ఉండేదే. అసలు సంగతేమిటంటే, గుమ్మం వాళ్ళు నా సవరణను మళ్ళీ తిప్పికొట్టారు.

సముద్రం ఊళ్ళను మింగాక మేం తెప్పల మీదికి చేరిన నాటి నుంచి తీరం పొడుగునా ప్రతి తెప్ప మీదా ఇవే యంత్రాలు. వాటిని నడిపే ప్రోగ్రాం పేరు ఉమ్మడి. ఎవరి సొంతమూ కాదు. ఎవరైనా తెరిచి చదవవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. "ఇది అందరిదీ" అని మొదటి వరుసలోనే రాసి ఉంటుంది. వినడానికి చాలా బాగుంటుంది. కాని దిద్దినది అందరి యంత్రాల్లోకీ చేరాలంటే గుమ్మం దాటాలి. గుమ్మంలో ఐదుగురు ఉంటారు. సుధీంద్ర, అమరేశ్వరి, విఠల్, చంద్రహాస్, వేదమూర్తి. ఐదుగురూ ఎక్కడో గట్టు మీద, కొండ ఊళ్ళలో, తీపి నీళ్ళు తాగుతూ కూర్చున్నవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు చూసి సంతకం పెడితేనే సవరణ లోపలికి పోతుంది. రెండు జతల కళ్ళు అంటారు ఆ పద్ధతిని.

మొదటిసారి పంపితే, రాసిన తీరు నియమావళి ప్రకారం లేదన్నారు. దిద్ది పంపితే, ఇది పూర్వం చర్చించిన విషయమే, పాత చర్చలు చదవండన్నారు. కూర్చుని చదివాను. ఎక్కడా లేదు. ఈసారి వేదమూర్తిగారి జవాబు వచ్చింది. "మీ ఆసక్తికి ధన్యవాదాలు. ఈ మార్పు విస్తృత అవసరం కిందికి రాదు."

విస్తృత అవసరమట! ఉప్పునీళ్ళు నోట్లో పడితే తెలిసేది విస్తృతమో కాదో.

బహుళ అష్టమి

ఇవాళ మడ తెప్ప కాపలాదారు పేరయ్యతో రేడియోలో మాట్లాడాను. మా అమ్మాయి నీలవేణిని ఇచ్చింది ఆ తెప్పకే. పేరయ్య మా వియ్యంకుడి తమ్ముడు. మంచివాడే, కాని రాయి కరిగినా ఆయన కరగడు.

నా భయం ఎర్రపాచి గురించి. ఏటా ఈ కాలంలో పౌర్ణమి పోటుకి వస్తుంది. వచ్చిందంటే ఫిల్టరు చూస్తుండగానే పూడుకుపోతుంది. ఉమ్మడి మాత్రం రోజుకొకసారి, తెల్లవారుజామున, దాని వేళకే కడుగుతుంది. పూడిన ఫిల్టరులోంచి పంపు బలవంతంగా లాగితే అది చిరుగుతుంది, పాచి తాగే నీళ్ళలో కలుస్తుంది. పోయినేడు మడ తెప్ప మీద జరిగింది అదే. ఊరంతా వాంతులు, విరేచనాలు. ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. ఇప్పుడు నీలవేణికి నెలలు నిండుతున్నాయి. పురుడు పుట్టింట్లో పోయాలని నాకు మాత్రం లేదా? డాక్టరమ్మ ఉండేది వాళ్ళ తెప్ప మీదే. ఈ స్థితిలో పిల్లను అలల మీద తిప్పవద్దని ఆవిడే చెప్పింది.

నా సవరణ చిన్నది. వేళతో పని లేకుండా, ఫిల్టరు పూడుతోందని తెలియగానే కడగమని యంత్రానికి చెబుతుంది. నా తెప్ప మీద నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎప్పుడో పెట్టేసుకున్నాను, మట్టి కలిపిన నీళ్ళు పోసి చూశాను, ఎన్నిసార్లు చూసినా బ్రహ్మాండంగా పనిచేసింది. అదే పేరయ్యకు చెప్పాను.

"నీ మాట కాదన్ను చెల్లెమ్మా. కానీ గుమ్మం ముద్ర లేంది నేను ముట్టుకోను" అన్నాడు.

"పోయినేడు ఆ ముద్ర ఉన్న యంత్రమే గదా అన్నయ్యా మిమ్మల్ని ముంచింది?"

"అది పాచి ముంచింది. గుమ్మం ఏం చేసింది? అయిదుగురు చదువుకున్నోళ్ళు కూకుని చూసేదాన్ని వొదిలి, నువ్వు చెప్పావని నేను పెట్టేస్తే, రేపు ఏదైనా అయితే ఊళ్ళో వాళ్ళు నన్ను సముద్రంలో తోస్తారు."

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

బహుళ ద్వాదశి

నాకు కడుపు మండిపోతోంది. పడమటి తెప్ప దైవకృప పంపిన సవరణ గుమ్మం దాటింది. పంపిన పూటే! అదేమిటో తెరిచి చూశాను. నీళ్ళ తొట్టి నిండినప్పుడు తెర మీద వచ్చే మాటను ఇంకాస్త మర్యాదగా మార్చిందట. "తొట్టి నిండింది" బదులు "తొట్టి నిండినదండి". దీనికి అమరేశ్వరి, చంద్రహాస్ ఇద్దరూ సంతకాలు పెట్టి, చక్కటి కృషి అని మెచ్చుకున్నారు కూడా.

దైవకృప రాసే పద్ధతి నాకు తెలుసు. "పూజ్యులైన గుమ్మం పెద్దలకు నమస్కరించి" అని మొదలుపెడుతుంది. నేను "ఇది చూడండి, పాచి వచ్చేలోగా పెట్టండి" అని మొదలుపెడతాను. అదీ తేడా. ఎవరు ఎలా వంగుతారో చూసి తలుపు తీస్తారన్నమాట. తెప్పల మీద అందరూ అనుకునేది అబద్ధం కాదు. మనం పంపేవి వాళ్ళు చదవనే చదవరు, పేరు చూసి పక్కన పడేస్తారు.

అయినా నీలవేణి కోసం మళ్ళీ రాశాను. ఈసారి సుధీంద్రకి. ఐదుగురిలో ఆయన జవాబులే కాస్త మెత్తగా ఉంటాయి. "అయ్యా, మా అమ్మాయికి నెలలు నిండాయి, ఆ తెప్ప మీద పోయినేడు మనుషులు పోయారు, ఒక్కసారి పూర్తిగా చదవండి" అని బతిమాలాను. బతిమాలడం నాకు చేతకాదు. రాశాక ఒళ్ళంతా చీదరగా అనిపించింది.

అమావాస్య

జవాబు వచ్చింది. సుధీంద్ర నుంచి కాదు, అమరేశ్వరి నుంచి. ఆవిడ సంగతి తీరమంతా తెలుసు, కత్తి లాంటిది. "ఈ సవరణలో స్పష్టత లోపించింది. నియమావళి చదవగలరు." మామూలే. కాని చివర ఇంకో వాక్యం ఉంది. "మీ అమ్మాయికి సుఖప్రసవం కావాలని కోరుకుంటున్నాను."

నేను అమ్మాయి మాట అమరేశ్వరికి చెప్పలేదు.

సుధీంద్ర ఆవిడకు చెప్పి ఉండొచ్చు. చెబితే, నా సవరణ గురించి ఇద్దరూ మాట్లాడుకున్నట్టే. మాట్లాడుకున్న మనుషులు రెండేళ్ళ కిందట నా ఇంకో సవరణకు రాసిన ముక్కనే అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ ఎందుకు రాస్తారు? పాత జవాబులన్నీ తెరిచి వరసగా పెట్టాను. పోయిన వానాకాలంలో ఐదుగురూ ఒకేసారి మూగబోయారు. మళ్ళీ ఒకేసారి మాట్లాడారు. తెప్పకు తెప్పకు మధ్య తగువులు వచ్చినప్పుడు కూడా ఆ ఐదుగురిలో ఒకరు ఇంకొకరిని ఒక్కసారైనా కాదనలేదు. ఐదుగురు మనుషులు, అందులోనూ తెలివైనవాళ్ళు, ఇన్నేళ్ళు ఒక్క మాట మీద ఉండటమా? మా ఇంట్లో చారులో ఉప్పెంతో తేల్చడానికే ముగ్గురికి పొద్దు చాలదు.

ఏదో ఉంది. ఏ పుట్టలో ఏ పాముందో చూడాలి.

శుద్ధ విదియ

ఐదుగురికీ ఒకే ముక్క రాశాను. "మీరు ఐదుగురు కాదని నాకు తెలిసిపోయింది. రేపు పోటుకి ముందు నాతో గొంతుతో మాట్లాడండి. లేకపోతే తీరమంతా చాటింపు వేస్తాను." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడు కదా అని.

రేడియో మోగింది. మొగ గొంతు, బాగా పెద్ద వయసు, మెల్లగా మాట్లాడతాడు.

"నాంచారిగారాండీ? నేను విఠల్‌ని."

"మిగతా నలుగురూ?"

"లేరండి. వేదమూర్తిగారు పోయారు. అమరేశ్వరిగారికి చూపు పోయింది, మానేశారు. మిగతా ఇద్దరూ పోట్లాడుకుని చెరో దారి వెళ్ళిపోయారు. చాలా కాలమైందండి. కొత్తవాళ్ళు రమ్మని పిలిచాను, ఎవరూ రాలేదు. రెండు సంతకాలు లేకపోతే ఉమ్మడి ఒక్క అక్షరం కూడా మారనివ్వదు. యంత్రాలు ఎక్కడివక్కడ పాతబడిపోతాయి. అందుకని వాళ్ళ పేర్లు నేనే..."

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె! ఇన్నాళ్ళూ మేం తిట్టుకున్న పెద్దల కొలువు ఇదన్నమాట. నాకు నవ్వు రావాలి. కోపం వచ్చింది.

"మరి నా సవరణ ఎందుకు తిప్పికొట్టావయ్యా? వొక్కసారి కాదు, ఇన్నిసార్లు!"

"నాకు అర్థం కాలేదండి."

"ఆఁ?"

"నేను సముద్రం చూసి ఎన్నేళ్ళో అయింది. ఆ పాచి ఏమిటో, ఫిల్టరు ఎలా పూడుతుందో నాకు తెలియదు. అర్థం కాని దానికి రెండు పేర్లతో ఎలా సంతకం పెట్టను? చిన్నవైతే తెలుస్తాయి, పెట్టేస్తాను. పెద్దవి వస్తే ధైర్యం చాలదండి."

"తెలీదని ఒక్క ముక్క రాయొచ్చుగా!"

"గుమ్మంలో ఉన్నవాడే తెలియదంటే ఇంకెవరు నమ్ముతారండీ? నియమావళి చదవండి అంటే లోపం తమలోనే ఉందనుకుని ఊరుకుంటారు."

ఎంత మాట! నేను ఆ నియమావళిని దీపం కింద పెట్టుకుని చదివానే, నాకు బుర్ర లేదేమోనని ఏడ్చానే. నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాను. అంతా అయ్యాక, "మీరు చెబుతున్నారు కాబట్టి ఇప్పుడే రెండు పేర్లూ పెట్టేస్తానండి. సాయంత్రానికి అన్ని తెప్పలకూ చేరుతుంది" అన్నాడు.

అదే కదా నాకు కావలసింది. పేరయ్యకు ముద్ర, నీలవేణికి మంచినీళ్ళు. అయినా ఊఁ అనలేకపోయాను. న్యాయం కోసం అనుకునేరు, కాదు. అనుమానం. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుంటున్నాడు? నా నోరు కట్టేయడానికా? రేపు ఏమైనా జరిగితే దొంగ సంతకాల్లో నన్నూ కలుపుకోవడానికా?

"వొద్దు. నీ పేరు నువ్వు పెట్టు. రెండో సంతకం నిజం మనిషిది కావాలి" అన్నాను.

"ఎవరున్నారండీ? తెప్పల మీద నుంచి క్రమంగా రాసేది మీరు, దైవకృపగారు. అంతే."

ఆ పేరు వినగానే రేడియో కట్టేశాను.

శుద్ధ పంచమి

కూతురు కోసం తప్పలేదు. దైవకృపకు సవరణ పంపి, చదివి చెప్పమన్నాను. ఆవిడ నాకంటే చిన్నది. వంగి వంగి రాసే మనిషి కదా, రెండు పొగడ్తలు రాసి సంతకం పెడుతుందనుకున్నాను. పొద్దున్నే రేడియోలో పిలిచింది.

"అక్కా, చదివాను. బాగుంది. ఒక్కటే అడుగుతా. కడిగేటప్పుడు ఇళ్ళ కుళాయిలు ఎవరు కడతారు?"

"ఇళ్ళ కుళాయిలేంది?"

"మా తెప్ప మీద ఇంటింటికీ కుళాయి ఉంది గదక్కా. మడ తెప్ప మీదా అంతే. పాత పద్ధతిలో తెల్లారుజామున కడుగుద్ది, అప్పుడు ఎవురూ తిప్పరు. నీ సవరణతో మిట్టమధ్యాహ్నం కూడా కడుగుద్ది. కడిగిన మురుగు, తిప్పి ఉన్న కుళాయిల్లోకి పోదా?"

పోదు అనబోయాను. నేను ఎన్నిసార్లు చూశాను, ఒక్కసారీ పోలేదు. అప్పుడు నా చేతుల వంక చూసుకున్నాను. మా తెప్ప మీద ఇళ్ళకు కుళాయిలు లేవు. ఉన్నది ఒక్క పెద్ద కుళాయి, దాని దగ్గర నేనే నిలబడి బిందెలు నింపుతాను. పంపు చప్పుడు మారగానే దాన్ని తిప్పి కట్టేస్తాను. అలా కడుతున్నానని కూడా నాకు తెలియదు, చెయ్యి దానంతటదే పోతుంది. నా సవరణ పనిచేసింది ఉమ్మడి వల్ల కాదు, నా చేతి వల్ల. మొన్న విఠల్‌తో ఊఁ అని ఉంటే ఈపాటికి తీరమంతా మురుగు తాగేది. మొదటి బిందె నీలవేణిదే అయ్యేది.

సవరణ తెరిచి ఆ వరుసలు మళ్ళీ చదువుకున్నాను.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నా."

"కోప్పడతావేమోనని రెండుసార్లు ఆలోచించా. నువ్వంటే అందరికీ భయం. అసలు నీ సవరణలు చదివే నేను నేర్చుకున్నా, కానీ పెద్దవి పంపాలంటే బెదురు. అందుకే ఆ అండీలు, గిండీలు."

సిగ్గేసింది. ఇద్దరం కూర్చుని, కడిగే ముందు కుళాయిలన్నీ యంత్రమే కట్టేసేలా మార్చాం. విఠల్‌కి ఒక్కో వరుసా ఏది ఎందుకో చెప్పాం. ఆయన అర్థం కానిచోటల్లా అర్థం కాలేదన్నాడు. ఎంత హాయిగా ఉందో అలా అంటుంటే! రెండో సంతకం పెట్టే హక్కు దైవకృపకు ఇచ్చాడు. ఆయన సంతకం, దైవకృప సంతకం. రెండు జతల నిజం కళ్ళు.

కాని ఒక షరతు పెట్టాను. గుమ్మం నిజం ఆయనే అందరికీ చెప్పాలి అని.

శుద్ధ దశమి

విఠల్ చెప్పాడు. "ఇన్నాళ్ళూ గుమ్మంలో ఉన్నది నేనొక్కడినే. క్షమించండి. ఇంకా మనుషులు కావాలి" అని ఉమ్మడిలో అందరికీ కనిపించే ప్రకటనల పలక మీద రాశాడు.

నేననుకున్నదేమిటి, జరిగిందేమిటి. ఒక్కరూ నమ్మలేదు! "మిగతా నలుగురినీ ఎక్కడ దాచారు?" అని ఒకడు. "ఇదంతా పెద్దోళ్ళ నాటకం, తప్పంతా ముసలాయన మీదికి తోసేసి తప్పించుకుంటున్నారు" అని ఇంకొకడు. అన్నిటికంటే అన్యాయం ఉత్తర తెప్పవాడిది. "నాంచారి, దైవకృప అనేవి కూడా ఆయన పెట్టుకున్న పేర్లే. ఇంత పెద్ద సవరణ తెప్పల మీద ఆడవాళ్ళు రాస్తారా? దీన్ని ఎవరూ పెట్టుకోకండి."

నేను లేనట! నెత్తి మీద ఇంత జుట్టు, నోట్లో ఇంత నాలుక పెట్టుకుని నేను లేనట!

సగం తెప్పలు యంత్రాలకు కొత్త సవరణ రాకుండా తాళం వేసుకున్నాయి. అందులో మడ తెప్ప ఒకటి. పేరయ్య రేడియో ఎత్తడం లేదు. ఈ ఆటుకి చేపలకు వెళ్ళి వచ్చినవాళ్ళు నీళ్ళు అప్పుడే ఎర్రగా తిరుగుతున్నాయని చెప్పారు.

చతుర్దశి

వరహాలు పడవ కట్టించుకుని మడ తెప్పకు వచ్చాను. ఈ నమోదు పేరయ్య యంత్రం ముందు కూర్చుని చెబుతున్నాను. ఎలా కూర్చున్నానో వినండి.

పేరయ్య యంత్రం గది తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మనిషివి ఉన్నావు, కాదన్ను చెల్లెమ్మా. కానీ ఆ రాత నీదేనని నమ్మకం ఏంటి? ఆయన రాసి నీ పేరు తగిలిచ్చాడేమో. గుమ్మమే బొంకని తేలాక నేనెవుర్ని నమ్మాలి?"

"అన్నయ్యగారూ, మీరు ఆ సవరణ చదివారా?"

"నేనెందుకు చదువుతా? చదవటానికి వాళ్ళు అయిదుగురు..." అని ఆగిపోయాడు.

"అయిదుగురు ఉన్నారని మీరు చదవలేదు. ముద్ర ఉందని పోయినేడూ చదవలేదు. అందరిదీ, అందరిదీ అని జపం చెయ్యటమే గాని ఇంతమందిలో తెరిచి చూసినోడు వొక్కడు లేడే! పాపం ఆ ముసలాయన అక్కడ వొంటరిగా కూకుని అయిదుగురి పేర్లు రాసుకుంటుంటే, ఆళ్ళు పెద్దోళ్ళు, మనల్ని పురుగుల్లా చూస్తారని ఇక్కడ ఏడుపు! చదువయ్యా! నీ కళ్ళతో నువ్వు చదువు, తరవాత తలుపు తియ్యి, లేకపోతే ఈడే కూకుంటా."

నిజంగానే గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. గొణుక్కుంటూ చేతిపలకలో నా సవరణ తెరిచాడు. ఒక్కో వరుసా వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. ప్రోగ్రాంలో ప్రతి వరుస పక్కనా, ఇది ఎందుకు రాశామో మనుషులకు అర్థమయ్యేలా ఒక ముక్క రాసుకోవచ్చు. యంత్రం దాన్ని పట్టించుకోదు. నేను ఆ ముక్కలు నా మాటల్లోనే రాస్తాను. పేరయ్య ఒకచోట ఆగి పైకి చదివాడు.

"'కుళాయి కట్టకుండా కడిగితే మురుగు తాగి చస్తారు. ఈ వరుస తీసేసే వెధవెవడో ముందు తన పెళ్ళాం బిడ్డలకు ఆ నీళ్ళు తాగించి అప్పుడు తియ్యాలి.'"

తలెత్తి నన్ను చూశాడు. కింది వరుస చదివాడు. అందులో ఇంకా ఘాటుగా ఉంది. ఆయన మీసం కింద నవ్వు దాగలేదు.

"గట్టు మీద చదువుకున్నోడికి ఈ తిట్లు రావు. ఇది నువ్వే రాశావు చెల్లెమ్మా" అని తాళం తీశాడు. తీసి ఊరుకోలేదు, చివరి వరుస దాకా చదివి, రెండుచోట్ల నన్ను ఆపి అడిగి, అప్పుడే పెట్టనిచ్చాడు. నాకు విసుగొచ్చింది. మనసులో దండం కూడా పెట్టుకున్నాను.

పౌర్ణమి

పోటుతో పాచి వచ్చింది. తెప్ప చుట్టూ నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి. అందరూ నీళ్ళు పట్టుకునే వేళ. నేను యంత్రం పక్కన నిలబడ్డాను, పేరయ్య తలుపులో నిలబడ్డాడు. ఆయనకు నా మీద అనుమానం, నాకు నా మీదే అనుమానం.

పంపు చప్పుడు మారింది. నా చెయ్యి దానంతటదే కుళాయి కోసం గాల్లోకి లేచింది. అక్కడ కట్టడానికి ఏమీ లేదు. గదిలో ఎక్కడో టక్కున ఒక శబ్దం వచ్చింది.

ఎదురింటి లోపలి నుంచి నీలవేణి కేకేసింది. "అమ్మా! బిందె సగమే నిండింది, నీళ్ళు ఆగిపోయినై!"

పక్కింట్లోనూ అదే కేక, ఆ పక్కింట్లోనూ. తెప్పంతా ఆడవాళ్ళు బయటికి వచ్చి పేరయ్యను తిడుతున్నారు. ఆయన తలుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఆగనియ్యవే తల్లీ, ఆగాలి" అన్నాను. గాల్లో ఉన్న చెయ్యి అప్పుడు దించాను.